ఉత్పరివర్తనం ఇస్తుంది, పునస్సంయోజనం విడదీస్తుంది: వరి మడి నుంచి ఒక వివరణ

మీరు అడిగినది ఇది. ఉత్పరివర్తనాలు, అంటే మనం మ్యుటేషన్లు అని పిలిచేవి, డీఎన్ఏకు నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులు కాబట్టి వాటిలో ఎక్కువ భాగం హాని చేసేవే అయి ఉండాలి. పునస్సంయోజనం, అంటే జత క్రోమోజోమ్‌లు తెగి ముక్కలు మార్చుకునే రీకాంబినేషన్, ఉన్న జన్యువులనే అటూ ఇటూ మారుస్తుంది తప్ప కొత్తగా దేన్నీ తయారు చేయదు. మరి తప్పులూ తారుమారులూ కలిసి జీవ పరిణామాన్ని ఎలా నడిపించగలవు? ముప్పయ్యేళ్లకు పైగా వరి ప్రజనన పరిశోధనలో గడిపినవాడిగా ఈ ప్రశ్నను విద్యార్థుల నుంచి చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ వరి మొక్కనే ఆధారంగా చేసుకుని సమాధానం చెప్పాను. మీ ప్రశ్నలోని రెండు వాక్యాలూ కొంతవరకు సరైనవే. అయితే పునస్సంయోజనం చేసే అసలు పని కలపడం అని మీరు భావిస్తున్నారు. నా అనుభవంలో దాని అసలు పని విడదీయడం. ఒక మంచి మార్పును దాని పక్కనున్న చెడ్డ మార్పుల నుంచి అది విడదీయకపోతే, ఆ మంచి మార్పు ఎంత గొప్పదైనా ప్రకృతి వరణానికి విడిగా కనిపించదు.

మొదట సరఫరా సంగతి చూద్దాం, ఎందుకంటే ఉత్పరివర్తనాలు చాలా అరుదైనవనే అభిప్రాయం మీ ప్రశ్న వెనుక ఉన్నట్టు నాకు తోస్తున్నది. వరి జీనోమ్‌లో, అంటే దాని డీఎన్ఏ సూచనల ఒక పూర్తి ప్రతిలో, సుమారు 39 కోట్ల అక్షరాలు ఉన్నాయి. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను తరతరాలుగా పెంచి, దాని డీఎన్ఏను పూర్తిగా చదివి 2010లో కట్టిన లెక్క ప్రకారం, 100 కోట్ల అక్షరాలకు తరానికి దాదాపు 7 అక్షరాలు మారుతాయి. వరిలోనూ ఇదే రేటు అనుకుంటే, పుప్పొడి నుంచి ఒక జీనోమ్, అండం నుంచి ఒక జీనోమ్ కలిసి ఏర్పడిన ప్రతి మొక్కలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు అయిదు దాకా ఉంటాయి. వరుసల మధ్య 20 సెంటీమీటర్లు, కుదుళ్ల మధ్య 15 సెంటీమీటర్లు ఎడం ఇచ్చి నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు, ఎకరానికి లక్షా ముప్పయి వేలకు పైగా కుదుళ్లు వస్తాయి. కుదురుకు ఒక్క మొక్కే లెక్క వేసుకున్నా ఎకరం మడిలో ఆరేడు లక్షల కొత్త ఉత్పరివర్తనాలు నిలబడి ఉన్నట్టే. ఆ లెక్కన సుమారు 600 ఎకరాల ఆయకట్టులో, ఒకే ఒక పంటకాలంలో, వరి జీనోమ్‌లోని ఒక్కో అక్షరమూ సగటున ఒకసారి ఎక్కడో ఒక మొక్కలో మారి ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సాగయ్యే లక్షల ఎకరాలను తలచుకుంటే సరఫరాకు కొరత లేదని తెలుస్తుంది. మనుషుల్లోనూ అంతే: పుట్టే ప్రతి బిడ్డలోనూ 60 నుంచి 70 దాకా కొత్త మార్పులు ఉంటాయి, తండ్రి వయసు పెరిగే కొద్దీ వాటి సంఖ్య ఏడాదికి రెండు చొప్పున పెరుగుతుందని ఐస్‌లాండ్ కుటుంబాల అధ్యయనం 2012లో చూపింది.

వీటిలో అత్యధిక భాగం మంచీ చెడూ చేయవు, ఎందుకంటే ప్రోటీన్ తయారీకి సంబంధం లేని చోట్లలోనే అవి ఎక్కువగా పడతాయి. ప్రభావం చూపే కొద్దిపాటి మార్పుల్లో మాత్రం హాని చేసేవే ఎక్కువ, ఆ మేరకు మీ మాట నిజం. ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. జీవికి ఏది అవసరమో చూసి ఉత్పరివర్తనం రాదు. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే రకం బాక్టీరియాను అనేక గొట్టాల్లో విడివిడిగా పెంచి, తరువాత వాటిని చంపే వైరస్‌తో కలిపారు. వైరస్ తగిలిన తరువాతే నిరోధక శక్తి పుట్టేదైతే అన్ని గొట్టాల్లోనూ బతికిన వాటి సంఖ్య ఇంచుమించు సమానంగా ఉండాలి. కాని కొన్ని గొట్టాల్లో ఒక్కటీ మిగలలేదు, కొన్నింటిలో పెద్ద సంఖ్యలో మిగిలాయి. ఆ బతికించిన మార్పు వైరస్‌ను చూడకముందే, కొన్ని గొట్టాల్లో ముందుగానూ కొన్నింటిలో ఆలస్యంగానూ, యాదృచ్ఛికంగా వచ్చిందని దీనితో తేలింది.

ఇప్పుడు హాని అనే మాటను కాస్త ఆగి పరిశీలించాలి. మన పళ్లెంలోని తెల్ల అన్నాన్నే తీసుకోండి. ఊక తీశాక కనిపించే గింజ పై పొర అడవి వరిలో ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపును నడిపించే జన్యువు ఏడవ క్రోమోజోమ్ మీద ఉంది, దాని పేరు ఆర్‌సీ. తెల్ల బియ్యపు రకాల్లో అత్యధిక భాగంలో ఆ జన్యువులోంచి సరిగ్గా 14 అక్షరాలు ఊడిపోయాయని 2006లో గుర్తించారు. కణం ప్రోటీన్ సూచనను మూడేసి అక్షరాల మాటలుగా చదువుతుంది. 12 అక్షరాలో 15 అక్షరాలో పోయి ఉంటే నాలుగైదు మాటలు తగ్గి మిగతా వాక్యం నిలిచేది, కాని 14ను మూడు భాగించదు కాబట్టి ఆ చోటు దాటాక ప్రతి మాటా తప్పుగా చదవబడి, ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. కణం దృష్టిలో ఇంతకంటే స్పష్టమైన తప్పు ఉండదు. పైగా ఈ జన్యువుకు విత్తన సుప్తావస్థతోనూ, అంటే విత్తనం వెంటనే మొలవకుండా ఆగి ఉండే గుణంతోనూ, సంబంధం ఉంది కాబట్టి అడవి వరికి ఇది నిజంగానే నష్టం. రైతు చేతిలో అదే నష్టం ఎంపికకు కారణమైంది. తెల్లగా కనిపించే గింజ, విత్తగానే ఒక్కసారిగా మొలిచే విత్తనం వేల ఏళ్ల పాటు తిరిగి తిరిగి విత్తబడ్డాయి.

గింజ రాలడం విషయంలోనూ ఇదే జరిగింది. అడవి వరి గింజ పండగానే రాలకపోతే ఆ మొక్కకు సంతానం ఉండదు, రాలితే కొడవలి పట్టుకున్న మనిషికి పంట ఉండదు. నాలుగవ క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం రాలే గుణాన్ని బాగా తగ్గించిందని 2006లోనే మరో బృందం చూపింది. కాబట్టి ఒక ఉత్పరివర్తనం మంచిదా చెడ్డదా అన్నది దాని లోపల రాసిపెట్టి ఉండదు. అది ఏ నేలలో, ఏ వాతావరణంలో, ఎవరి మధ్య, మరీ ముఖ్యంగా ఏ ఇతర మార్పుల పక్కన నిలబడి ఉందో దాన్నిబట్టి తేలుతుంది.

ఆ చివరి షరతు దగ్గరే పునస్సంయోజనం రంగంలోకి వస్తుంది. సాగు వరిలో జపానికా, ఇండికా అని రెండు ప్రధాన ఉపజాతులు ఉన్నాయి. ఆర్‌సీ జన్యువులోని 14 అక్షరాల లోపం మొదట జపానికా వరిలో పుట్టి, ఆ తరువాత ఇండికా వరిలోకి చేరిందని చుట్టుపక్కల డీఎన్ఏను పోల్చిన పరిశోధకులు నిర్ధారించారు. తెల్ల బియ్యపు ఇండికా రకాల్లో ఆ లోపం చుట్టూ ఉన్న చిన్న ముక్క జపానికాను పోలి ఉంటుంది, దాన్ని దాటితే అంతా ఇండికాయే. మన వేడికి, మన నీటికి అలవాటు పడిన ఇండికా జీనోమ్ మొత్తాన్ని వదులుకోకుండానే, జపానికాలో పుట్టిన ఒక్క లక్షణాన్ని మాత్రం అది స్వీకరించగలిగింది. క్రోమోజోమ్‌లు తెగి మళ్లీ అతుక్కోకపోతే ఇది అసాధ్యం.

అవి తెగేది క్షయకరణ విభజనలో. పుప్పొడి, అండం తయారయ్యే ముందు, తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్, తండ్రి నుంచి వచ్చిన దాని జత పక్కపక్కన చేరుతాయి. అప్పుడు కణం తన ప్రోటీన్లతోనే తన డీఎన్ఏను అనేక చోట్ల కోస్తుంది. కోసిన చోటును జత క్రోమోజోమ్‌ను చూసి బాగుచేసుకునే క్రమంలో కొన్ని చోట్ల రెండు క్రోమోజోమ్‌ల ముక్కలు పరస్పరం మారుతాయి. దీన్నే వినిమయం అంటారు. 1931లో హారియట్ క్రైటన్, బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్నలో దీన్ని సూక్ష్మదర్శిని కింద నిరూపించారు. కంటికి గుర్తుపట్టగలిగిన ముక్క చేతులు మారినప్పుడే గింజ లక్షణాలు కూడా చేతులు మారాయని వారు చూపారు. వరికి 12 జతల క్రోమోజోమ్‌లు ఉన్నాయి, ఒక్కో పుప్పొడికో అండానికో చేరే 12 క్రోమోజోమ్‌ల మీద మొత్తం సుమారు 15 వినిమయాలు ఉంటాయి. అంటే సగటున ఒక్కో క్రోమోజోమ్‌కు ఒకటి కంటే కొంచెం ఎక్కువ. కోతలు అనేకం పడినా క్రోమోజోమ్ చూర్ణమైపోదు, ఒకటి రెండు చోట్ల మాత్రమే ముక్కలు మారతాయి. ఈ చిన్న సంఖ్యను గుర్తుంచుకోండి, ఎందుకంటే వరి ప్రజననంలో పనిచేసేవారి కష్టమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ కష్టాన్ని సాంబ మసూరి కథతో చెప్పడం నాకు సులువు. మీరు బీపీటీ అనో, బాపట్ల సన్నాలు అనో పిలిచే బీపీటీ 5204 రకం బాపట్ల నుంచి 1986లో విడుదలైంది. దాని వంశవృక్షమే ఉత్పరివర్తనాలు, పునస్సంయోజనాలు అల్లుకున్న చరిత్ర. దాని పూర్వీకుల్లో ఒకటైన జీఈబీ-24, కోనామణి అనే పాత రకంలో సహజంగా వచ్చిన ఉత్పరివర్తనం నుంచి ఎంపిక చేసినది. రెండవదైన తైచుంగ్ నేటివ్-1, డీ-జియో-వూ-జెన్ అనే చైనా రకం నుంచి పొట్టి కాండాన్ని తెచ్చింది, ఆ పొట్టితనం కూడా ఒక జన్యువులోంచి 383 అక్షరాలు పోవడం వల్ల కలిగినదే. మూడవదైన మసూరి, మలేషియాలో ఇండికా, జపానికా రకాలను సంకరం చేసి పొందినది. ఈ మూడింటి క్రోమోజోమ్‌లు తెగి అతుక్కుని, తరువాతి తరాల్లో రైతుకూ తినేవారికీ నచ్చిన సన్న గింజ స్థిరపడింది.

సాంబ మసూరికి ఉన్న పెద్ద లోపం బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేకపోవడం. తెగులు సోకిన మడిలో ఆకు కొన నుంచి అంచుల వెంబడి గడ్డి రంగులోకి ఎండుతూ కిందికి దిగుతుంది. దీనిని బలంగా ఎదుర్కొనే ఎక్స్‌ఏ21 అనే జన్యువు మన సాగు వరిలో దొరకలేదు. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశానికి చెందిన ఒరైజా లాంగిస్టామినాటా అనే అడవి వరిలో అది ఉంది. గురుదేవ్ ఖుష్ బృందం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దానిని సాగు వరిలోకి తెచ్చింది, పమేలా రొనాల్డ్ బృందం 1995లో ఆ జన్యువును వేరుచేసి చదివింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఎక్స్‌ఏ21 మంచి జన్యువు. కాని అది పుట్టి పెరిగిన క్రోమోజోమ్ ఒక అడవి గడ్డిది, దాని ఇరుగుపొరుగు జన్యువులు అడవికి తగినవి. ముతక గింజ, రాలే గుణం, ఎగుడుదిగుడు పూత లాంటివి ఏవి దాని పక్కన ఉన్నా, ఆ జన్యువుతోపాటు అవీ వస్తాయి. దీనిని మేము లింకేజ్ డ్రాగ్ అంటాం. మంచి జన్యువును పట్టుకుని లాగితే దానికి అతుక్కున్నదంతా వెంట రావడం అన్నమాట.

ఎంత వస్తుందో లెక్క కట్టవచ్చు. దాత మొక్కను సాంబ మసూరితో సంకరం చేసి, ఆ సంతానాన్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే నాలుగు సార్లు పశ్చ సంకరణం చేస్తే, జీనోమ్ మొత్తం మీద సగటున దాదాపు 97 శాతం సాంబ మసూరి తిరిగి వస్తుంది. వినడానికి ఇది దాదాపు సంపూర్ణం. కాని మనం ప్రతి తరంలోనూ ఎంచుకుంటున్న ఆ జన్యువుకు అటూ ఇటూ ఉన్న భాగం ఈ సగటుకు లొంగదు. మధ్యలో ఉన్న జన్యువు మీద వరణం జరుగుతున్నప్పుడు, ఇరుపక్కలా వినిమయం ఎక్కడ పడితే అక్కడి దాకా దాత ముక్క మిగులుతుంది. నాలుగు క్షయకరణ విభజనల తరువాత కూడా ఆ ముక్క ఒక్కోవైపు సగటున 20 సెంటీమోర్గాన్‌లకు (వినిమయాలు ఎంత తరచుగా పడతాయో దాన్నిబట్టి క్రోమోజోమ్ మీద దూరాన్ని కొలిచే ప్రమాణం) పైగా, అంటే వరిలో ఇంచుమించు 50 లక్షల అక్షరాల పొడవున ఉంటుందని లెక్క చెబుతుంది. అంత పొడవులో కొన్ని వందల జన్యువులు ఉంటాయి. మేము పెంచిన కొన్ని వరుసల్లో కత్తెరను బాక్టీరియా నీటిలో ముంచి ఆకు కొన కత్తిరిస్తే రెండు వారాలైనా మచ్చ పెరిగేది కాదు, కాని వెన్ను తీసి గింజ వొలిచి చూస్తే సాంబ మసూరి సన్నదనం ఉండేది కాదు. ఆ వరుసలను వదిలేయవలసి వచ్చిన రోజుల్లోనే పునస్సంయోజనం అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది. కావలసిన జన్యువు చేతిలోనే ఉంది. లేనిది, దానికి దగ్గరగా తెగిన ఒక్క క్రోమోజోమ్.

అలాంటి అరుదైన తెగుదలను వేల మొక్కల్లో వెతికి పట్టుకోవడానికి డీఎన్ఏ మార్కర్లు, అంటే ఏ ముక్క ఏ మొక్క నుంచి వచ్చిందో తెలిపే గుర్తులు, తోడ్పడతాయి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఈ పద్ధతిలోనే ఎక్స్‌ఏ21తోపాటు ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మరో రెండు జన్యువులను కూడా సాంబ మసూరిలో చేర్చి, గింజ నాణ్యత చెడకుండా మెరుగైన సాంబ మసూరిని, అంటే ఆర్‌పీ బయో-226ను, 2008లో విడుదల చేశాయి.

ఇది మనిషి చేసిన పని కదా, ప్రకృతికి దీనితో ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం నేరుగానే ఉంది. ప్రకృతిలో కూడా ప్రతి మంచి ఉత్పరివర్తనమూ ఏదో ఒక క్రోమోజోమ్ మీదే పుడుతుంది, ఆ క్రోమోజోమ్ మీద అంతకుముందే పేరుకున్న మంచీ చెడూ అన్నీ ఉంటాయి. పునస్సంయోజనం లేకపోతే ప్రకృతి వరణం తీర్పు చెప్పేది ఒక్కో మార్పు మీద కాక మొత్తం జీనోమ్ మీద. మంచి మార్పు గెలిస్తే దాని పక్కనున్న చెడ్డది కూడా దానితోపాటే గెలుస్తుంది. చెడ్డది బలంగా ఉంటే మంచిది దానితోపాటే నశిస్తుంది. రెండు వేర్వేరు మొక్కల్లో రెండు మంచి మార్పులు పుడితే అవి ఒకే మొక్కలోకి ఎప్పటికీ చేరలేవు, ఒకదాన్నొకటి ఓడించుకోవాల్సిందే. 1930లో ఫిషర్, 1932లో ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్తలు ఈ వాదాన్ని వివరించారు. చెడ్డ మార్పులు ఒక్కొక్కటిగా చేరుతూ వెనక్కి తిరగని పళ్లచక్రంలా జీనోమ్‌ను దిగజారుస్తాయని ముల్లరే 1964లో చూపాడు.

దీనికి ప్రయోగశాల సాక్ష్యం ఉంది. హార్వర్డ్ పరిశోధకులు ఈస్ట్‌ను రెండు విధాలుగా పెంచి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఒక గుంపు కేవలం విభజనతోనే పెరిగింది. మరొక గుంపుకు మధ్యమధ్యలో లైంగిక సంయోగం జరిపించి, క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకునేలా చేశారు. వెయ్యి తరాల పాటు వచ్చిన మార్పులను డీఎన్ఏ చదివి గుర్తించినప్పుడు, విభజన గుంపులో మంచి మార్పుల భుజాలెక్కి హానికర మార్పులు కూడా జనాభా అంతటా స్థిరపడిపోయాయి. సంయోగం జరిగిన గుంపులో మంచివి స్థిరపడ్డాయి, వాటితోపాటు పైకెదిగిన చెడ్డవి విడిపోయి వెనక్కి తగ్గాయి. ఆ గుంపు వేగంగా అనుకూలనం చెందింది కూడా. నా వరి వరుసల్లో గింజ ముతకగా వచ్చిన కారణమూ, ఆ విభజన ఈస్ట్ వెనుకబడిన కారణమూ ఒకటే.

ఇక ఎక్స్‌ఏ13 గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఉత్పరివర్తనం అంటే చెడగొట్టడమే అన్న అభిప్రాయానికి ఇది చక్కని సమాధానం. ఎండాకు తెగులు బాక్టీరియా వరి కణంలోకి కొన్ని ప్రోటీన్లను పంపుతుంది. వాటిలో ఒకటి వరి డీఎన్ఏ మీద స్వీట్11 అనే జన్యువు ముందున్న మీట లాంటి భాగానికి అతుక్కుని ఆ జన్యువును ఆన్ చేస్తుంది. కణంలోని చక్కెర బయటికి వస్తుంది, బాక్టీరియా దాన్ని తిని పెరుగుతుంది. మరి ఆ జన్యువునే పోగొట్టుకుంటే సరిపోదా? సరిపోదు, ఎందుకంటే పుప్పొడి సరిగా ఎదగడానికి వరికి ఆ జన్యువు కావాలి, అది సరిగా పనిచేయకపోతే గింజ కట్టడం దెబ్బతింటుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కల్లో మార్పు జన్యువులో రాలేదు, మీటలో, బాక్టీరియా ప్రోటీన్ అతుక్కునే చోట వచ్చింది. శత్రువు చేయి ఆనడానికి చోటు లేకుండా పోయింది, మొక్క మాత్రం తన అవసరానికి ఆ జన్యువును ఎప్పటిలా వాడుకుంటున్నది. అలాంటి మార్పు లక్షల్లో ఒకటి, నిజమే. పైన చెప్పిన 600 ఎకరాల లెక్కను తలచుకుంటే లక్షల్లో ఒకటి ఎంత తరచుగా వస్తుందో మీకే తెలుస్తుంది. ఎక్స్‌ఏ5 మరింత చిన్నది: ఒక ప్రోటీన్‌లో 39వ స్థానంలోని అమైనో ఆమ్లం ఒక్కటి మారింది, దానితో బాక్టీరియా ప్రోటీన్లు ఆ కణయంత్రాన్ని తమ పనికి సరిగా వాడుకోలేకపోతున్నాయి.

ఈ రెండూ అంతర్గత లక్షణాలు, రెండు ప్రతులూ మారితేనే ఫలితం కనిపిస్తుంది. మూడు జన్యువులూ వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద, అయిదు, ఎనిమిది, పదకొండు మీద ఉన్నాయి. మూడింటికీ సంకరంగా ఉన్న మొక్కను ఆత్మ పరాగ సంపర్కం చేస్తే, మూడూ స్థిరంగా కలిసిన సంతానం 64లో ఒకటి మాత్రమే. మూడు చోట్ల, మూడు కాలాల్లో విడివిడిగా పుట్టిన మార్పులు ఒకే మొక్కలో మళ్లీ అదే వరుసలో పుట్టాలని ఎదురుచూస్తే యుగాలు పడతాయి. క్రోమోజోమ్‌లు స్వేచ్ఛగా పంచుకోవడం వల్ల అది కొన్ని వందల మొక్కల పని అయింది.

పునస్సంయోజనం కొత్తది తయారు చేయదన్న మీ రెండవ మాటకు ఇప్పుడు వస్తాను. జత క్రోమోజోమ్‌లు సరిగ్గా ఎదురెదురుగా నిలబడి సమానంగా మార్చుకున్నంతవరకు ఆ మాట సరైనదే. కాని ఒకేలా ఉన్న భాగాలు పక్కపక్కన ఉన్నప్పుడు అమరిక ఒక మెట్టు జారుతుంది, ఒక క్రోమోజోమ్‌కు జన్యువు రెండు సార్లు వస్తుంది, మరొకదానికి అసలు రాదు. ఇలా రెండు ప్రతులు ఏర్పడ్డాక ఒకటి పాత పని చేస్తూ ఉంటే రెండవది మారడానికి స్వేచ్ఛ పొందుతుంది. ఎక్స్‌ఏ21 ఉన్న చోటే దానిని పోలిన జన్యువులు ఒక గుంపుగా ఉన్నాయి, ద్విగుణీకరణలు, తమలో తాము జరుపుకున్న పునస్సంయోజనాలు, దూకే జన్యువులు వచ్చి చేరడం, వీటన్నిటి గుర్తులూ ఆ గుంపులో కనిపించాయి.

రిచర్డ్ లెన్‌స్కీ 1988లో 12 సీసాల్లో మొదలుపెట్టిన ఈ-కోలై ప్రయోగంలోనూ ఇదే చూశాం. గ్లూకోజ్ కొద్దిగా, సిట్రేట్ ఎక్కువగా ఉన్న ద్రావణంలో ఆ బాక్టీరియా ప్రాణవాయువు సమక్షంలో సిట్రేట్‌ను తినలేకుండానే వేల తరాలు గడిపాయి. 31,500 తరాల ప్రాంతంలో ఒక్క సీసాలో మాత్రం ఆ సామర్థ్యం వచ్చింది. సిట్రేట్‌ను లోపలికి తెచ్చే జన్యువు వాటిలో ముందునుంచే ఉంది, ప్రాణవాయువు ఉన్నప్పుడు అది పలికేది కాదు. ఒక డీఎన్ఏ ముక్క రెట్టింపై, ఆ జన్యువు ప్రతి ఒకటి వేరొక జన్యువు మీట పక్కకు చేరింది. అదొక్కటే చాలలేదు, అంతకుముందు వచ్చిన ఇతర ఉత్పరివర్తనాలు దానికి నేలను సిద్ధం చేశాయి, తరువాత వచ్చినవి దాన్ని మెరుగుపరిచాయి. కాబట్టి ఉత్పరివర్తనం, పునస్సంయోజనం అని పుస్తకంలో రెండు అధ్యాయాలుగా చదివేవి కణంలో అంత విడివిడిగా ఉండవు.

ఎండాకు తెగులు బాక్టీరియా వైపు నుంచి చూస్తే ఇది మరింత స్పష్టం. స్వీట్11 మీట మీద చేయి వేసే ఆ ప్రోటీన్‌లో 34 అమైనో ఆమ్లాల పునరావృత్తాలు వరుసగా ఉంటాయి. ఒక్కో పునరావృత్తం వరి డీఎన్ఏలోని ఒక్కో అక్షరాన్ని గుర్తుపడుతుంది, ఈ సంకేత నియమాన్ని 2009లో ఛేదించారు. పునరావృత్తాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి వాటి మధ్య పునస్సంయోజనం జరిగి, వరుస మారి, పొడవు మారి, కొత్త డీఎన్ఏ చిరునామాను గుర్తించే ప్రోటీన్ తయారవుతుంది. ఎక్స్‌ఏ13 మూసిన తలుపును వదిలి, స్వీట్14 అనే మరో చక్కెర జన్యువు మీటను నొక్కే బాక్టీరియా రకాలు ఉండటానికి ఇలాంటి వైవిధ్యమే ఆధారం. మూడు జన్యువులను కలిపి ఎందుకు పెట్టాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఒక్క తలుపును దాటడానికి ఒక్క మార్పు చాలు, మూడింటినీ ఒకేసారి దాటాలంటే మూడు మార్పులు ఒకే బాక్టీరియాలో కలవాలి.

నడిపిస్తాయి అనే మీ మాటను మాత్రం కొంచెం సవరిస్తాను. ఉత్పరివర్తనం, పునస్సంయోజనం వైవిధ్యాన్ని అందిస్తాయి, దిశను ఇవ్వవు. దిశను ఇచ్చేది వరణం, చిన్న జనాభాలో యాదృచ్ఛికత కూడా. వరి లాంటి ఆత్మ పరాగ సంపర్క పంటలో ఇంకొక చిక్కు ఉంది: క్షయకరణ విభజన ప్రతి తరంలోనూ జరుగుతుంది, కాని రెండు క్రోమోజోమ్‌లూ ఒకేలా ఉంటే వినిమయం జరిగినా ఏమీ మారదు. అందుకే జిగురు అన్నానికి కారణమైన జన్యువు చుట్టూ, వరణం జరిగిన చోట, రెండున్నర లక్షల అక్షరాలకు పైగా వైవిధ్యం తుడిచిపెట్టుకుపోయింది. అక్కడ ఎంపికైనది ఒక్క మార్పు, దానికి అంటిపెట్టుకుని నిలిచిపోయినది ఆ పొడవంతా.

పునస్సంయోజనం ఇంత మేలు చేసేదైతే అన్ని చోట్లా ఎందుకు లేదని మీకు సందేహం రావచ్చు. విడదీయడం చెడ్డదాని నుంచి మంచిదాన్నే కాదు, మంచిదాని నుంచి మంచిదాన్ని కూడా విడదీస్తుంది. మీ పెరట్లో కరివేపాకు, నిమ్మ చెట్ల ఆకులు తినే గొంగళిపురుగుల్లో కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుకవి ఉంటాయి. దాని ఆడవాటిలో కొన్ని మగవాటిలా కనిపిస్తే, మరికొన్ని పక్షులు తినడానికి ఇష్టపడని రోజ్ సీతాకోకచిలుకల్లా ఎర్ర మచ్చలతో కనిపిస్తాయి. రంగు, మచ్చల అమరిక ఇవన్నీ ఒకే కట్టగా సంక్రమించాలి, సగం అనుకరణ పక్షిని మోసం చేయదు. బెంగళూరుకు చెందిన కృష్ణమేఘ్ కుంటే తదితరులు ఈ కట్టకు డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు కారణమని 2014లో చూపారు. ఆ జన్యువు ఉన్న సుమారు 1,30,000 అక్షరాల ముక్క అనుకరించే రూపంలో తలకిందులుగా తిరిగి ఉంది. తిరగబడిన ముక్క తిరగబడని జతతో సరిగా అమరదు కాబట్టి ఆ మేరకు వినిమయం దాదాపు ఆగిపోయింది, కట్ట చెదరకుండా నిలిచింది. ఆ ముక్కలో ఇకపై పుట్టే హానికర మార్పు మాత్రం తిరగబడని జత సాయంతో బయటపడలేదు, అనుకరణ వెంటే తరాలు దాటుతుంది.